డ్రైవరుని మార్చాలట!

ఓ సాయంత్రం మా అమ్మాయి ఫోను చెవికి ఆనించుకుని వరండాలో పచార్లు చేస్తూ, "పాత డ్రైవరుతో ఇంక లాభం లేదండీ, మార్చేద్దాం. సైకోపీజీ టూ వదిలేసి త్రీకి వెళ్ళిపోదాం. రెండు నెలలు టైమివ్వండి చాలు" అంటోంది.

మా అత్తగారు వాలుకుర్చీలో కూచుని ఒత్తులు చేసుకుంటున్నారు. ఆర్నెల్లుగా ఆవిడ పొద్దంతా ఆ కుర్చీలోనే. ఎందుకో తరవాత చెప్తాను. ఆవిడకి చూపు తగ్గింది గానీ చెవులు మాత్రం పాము చెవులు. అమ్మాయి ఫోను పెట్టెయ్యగానే, "ఏమే, పాపం ఆ డ్రైవరు ఏం తప్పు చేశాడే? పెళ్ళాం పిల్లలూ వున్నవాడేమో. ఈ ఒక్కసారికీ పోనియ్యమను మీ వాళ్ళని" అన్నారు.

నాకు డ్రైవరు సంగతి పట్టలేదు. రెండో మాటకే గుండెల్లో రాయి పడింది. "సొంత ఇల్లుండగా నీకు పీజీ హాస్టలెందుకే? అందులోనూ సైకోలుండే పీజీ ఏమిటి?" అన్నాను.

అమ్మాయి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఫోను సోఫాలో పడేసి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ డ్రైవరు మనిషి కాదుట. ఆ పీజీ హాస్టలూ కాదుట. రెండూ కలిసి ఒకే వస్తువుట. అదొక లైబ్రరీట! లైబ్రరీ అంటే పుస్తకాల బీరువాలు తప్ప మరోటి తెలియని దాన్ని నేను. ఇంక లాభం లేదని నేనూ ఓ కుర్చీ లాక్కుని, "మొదట్నించీ చెప్పు" అన్నాను.

అది చెప్పినదాంట్లో నాకర్థమైంది ఇదీ. వాళ్ళ ఆఫీసువాళ్ళు మందుల షాపుల లెక్కలు చూసిపెడతారు. ఏ మందు ఎంతుంది, ఎవరికెంత అమ్మారు అనే వివరాలన్నీ ఒక పెద్ద కొట్టుగదిలాంటి దాంట్లో సర్ది వుంటాయి. దాని పేరు పోస్ట్‌గ్రెస్. 1986లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ అనే ప్రొఫెసరుగారు మొదలుపెట్టించిన పని అది. 1996 నుంచీ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అంటున్నారు. మా అమ్మాయి రాసే ప్రోగ్రాములు వుండేది పైథాన్ అనే భాషలో. కొట్టుగదికి ఆ భాష రాదు. ఈ ప్రోగ్రాములకి కొట్టుగది భాష రాదు. మధ్యలో ఒకరు నిలబడి వీళ్ళ మాట వాళ్ళకీ వాళ్ళ మాట వీళ్ళకీ అందించాలి. అలా అందించేదాన్నే డ్రైవరు అంటారు. పైథానుకీ పోస్ట్‌గ్రెస్‌కీ మధ్య ఎక్కువమంది పెట్టుకున్న డ్రైవరు పేరు సైకోపీజీ.

"పెళ్ళిళ్ళ పేరయ్య అన్నమాట" అన్నారు మా అత్తగారు.

"అంతే నాన్నమ్మా. కాకపోతే ఇతను కట్నం మాట్లాడడు. ఒక్క పైసా కమిషనడగడు" అంది మనవరాలు.

ఆ ఒక్క పైసా అడగడన్న మాట నన్ను పట్టుకుంది. విచారిస్తే ఇదీ సంగతి. 2001లో ఫెదెరికో ది గ్రెగోరియో అనే ఇటలీ ఆయన దీన్ని మొదలుపెట్టాడు. ఎలా తయారయిందో దాచకుండా లోకానికంతటికీ ఇచ్చేశాడు. దీన్ని ఓపెన్ సోర్స్ అంటారుట. ఎవరైనా విప్పి చూడొచ్చు, వాడుకోవచ్చు, పాడైతే బాగుచేసి పంపొచ్చు. ఆవకాయ కొలతలు అడిగినవాళ్ళందరికీ చెప్పేసే మనిషిలాగ. ఆ తరవాత డానియేలే వరాజ్జో అనే మరో ఇటలీ ఆయన దీని బాగోగులు నెత్తిన వేసుకున్నాడు. పదిహేనేళ్ళ పైనుంచీ ఆయనే చూసుకుంటున్నాడు.

"మరి అన్నేళ్ళుగా బాగానే నడుస్తోందిగా. మార్చడం ఎందుకు?" అన్నాను. మీరైనా ఈ ప్రశ్నే వేసి వుండేవారు. గ్రైండరు తిరుగుతున్నంతకాలం కొత్తది కొనడానికి మనం ఒప్పుకోం కదా.

అమ్మాయి నా టేబుల్ మీద కాగితం ఒకటి లాక్కుని బొమ్మలు గీయడం మొదలెట్టింది. అవతలివైపు నేను రాస్తున్న సీరియల్ పదహారో భాగం వుందని గమనించుకోలేదు. సరే, నేనూ గమనించనట్టే వూరుకున్నాను.

మొదటిది, కొట్టుగదిని అడిగే పద్ధతి. "ఫలానా పేరుగల మనిషి కొన్న మందులివ్వు" అని ఒక వాక్యం పంపాలి. ఆ ఫలానా అన్నచోట ఖాళీ. పాత డ్రైవరు ఆ ఖాళీలో పేరుని తనే జాగ్రత్తగా పూరించి, మొత్తం ఒకే వాక్యం చేసి పంపేది. ఆ పేరు ముసుగులో ఎవడైనా తుంటరి మరో ఆజ్ఞ దూర్చకుండా దానికి గట్టి కట్టుదిట్టాలే వున్నాయి. కానీ అంతకంటే శుభ్రమైన దారి ఇంకోటుంది. వాక్యం వేరుగా, పేరు వేరుగా పంపడం. ఒకప్పటి మనియార్డరు ఫారం గుర్తుందా? పేరు గడిలో ఏం రాసినా అది పేరే అవుతుంది గానీ డబ్బుల అంకె అవదు. అలాగన్నమాట. అయితే 2001లో పోస్ట్‌గ్రెస్‌కే ఆ సదుపాయం లేదు. 2003లో, 7.4 అనే కూర్పుతో వచ్చింది. పాత డ్రైవరు మటుకు తన పాత అలవాటులోనే సాగిపోయింది.

రెండోది, ఎదురుచూడ్డం. కుక్కరు పొయ్యి మీద పెట్టి, మూడు విజిల్స్ వచ్చేదాకా దాని ఎదుటే చేతులు కట్టుకుని నిలబడతామా? ఈలోగా కూర తరుక్కుంటాం, పోపుకి సర్దుకుంటాం. ఇలా ఒకటి ఉడికేలోగా మరో పని చూసుకునే పద్ధతి పైథాన్‌లో 2014లో చేరింది. దాన్ని అసింక్ ఐఓ అంటారుట. అంతకు ఎంతో ముందు పుట్టిన డ్రైవరుకి ఆ పద్ధతి ఒంటబట్టదు. పక్కనించి అతుకులు వెయ్యాలే తప్ప లోపలినించి రాదు.

మూడోది, తలుపు. కొట్టుగదిలోకి వెళ్ళి పని చూసుకుని బయటికొస్తే తలుపు దానంతటది మూసుకోవాలని ఎవరైనా అనుకుంటారు. పాత డ్రైవరులో అలా బయటికొస్తే లెక్క ముగుస్తుంది గానీ తలుపు తెరిచే వుంటుంది. తెలియనివాళ్ళు మూసుకుందనుకుని వెళ్ళిపోతారు. కొత్తదానిలో నిజంగానే మూసుకుంటుంది.

ఇలాంటివి ఇంకా కొన్ని చెప్పింది. పాతదాని లోపలి భాగమంతా సీ భాషలో వుండి, అందులో వేలుపెట్టడం అందరివల్లా అయేది కాదుట. కొత్తదాన్ని చాలావరకు పైథాన్‌లోనే రాసి, వేగం కావలసిన వాళ్ళకి మాత్రం ఆ సీ భాగం విడిగా పెట్టారుట.

అంతా విన్నాక నేను, "బాగానే వుంది. ఇన్ని సుగుణాలున్న కొత్తదొచ్చాక, మార్చడానికి రెండు నెలలెందుకే?" అన్నాను.

అమ్మాయి మొహం కాస్త వాడింది. "అదేనమ్మా తిప్పలు" అంది.

ఆ తిప్పలు నేను కళ్ళారా చూశాను. ఓ రాత్రి రెండు గంటలకి మంచినీళ్ళకి లేస్తే దాని గదిలో దీపం వెలుగుతోంది. జుట్టు ముడేసుకుని, కంప్యూటరు ముందు గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ ఆఫీసు ప్రోగ్రాముల్లో "ఈ పది పేర్లలో వున్నవాళ్ళని చూపించు" అని అడిగే వాక్యాలు బోలెడున్నాయి. పాత డ్రైవరయితే ఆ పది పేర్లనీ ఒక మూటగా కట్టి ఇస్తే ఒకే ఖాళీలో సర్దేసేది. కొత్తది వాక్యాన్నీ పేర్లనీ వేరువేరుగా పంపుతుంది కదా, ఒక ఖాళీలో పది పేర్ల మూట పెడితే కొట్టుగది ఒప్పుకోదు. 'ఇన్' అన్నచోటల్లా 'ఎనీ' అని తిరగరాసి, మూటకి బదులు జాబితా ఇవ్వాలి. అలా రాసిన చోట్లు మొత్తం నూట ముప్ఫై.

"చూశావా, బాగుచేస్తామని పాడుచేశారు" అన్నాను నిద్రకళ్ళతో.

"కాదమ్మా. పాతదానికీ కొత్తదానికీ తేడాలేమిటో ఒక పేజీ నిండా ముందే రాసిపెట్టారు. ఇది కుదరదు, దీనికి బదులు ఇలా చేసుకోండి అని. నేనే చదవకుండా దూకాను" అంది.

ఆ మాటతో నా నిద్ర ఎగిరిపోయింది. మంచినీళ్ళు తాగకుండానే వచ్చి పడుకున్నాను గానీ తెల్లారేదాకా కునుకు పట్టలేదు. ఇక్కడే మా అత్తగారి వాలుకుర్చీ కథ చెప్పాలి.

ఆర్నెల్ల కిందట మా వంటిల్లు బాగుచేయించాను. ఎన్నాళ్ళనుంచో నా కోరిక అది. మసిపట్టిన చెక్క అలమర, సగం విరిగిన గట్టు, చేతికి తగిలే మేకులు. ఒక సీరియల్ తాలూకు డబ్బు కాస్త గట్టిగా వచ్చింది. మా వారు సరేనన్నారు. మనిషిని పిలిచి, నున్నటి తలుపులూ, నొక్కితే తెరుచుకునే సొరుగులూ, పొగ లాగేసే చిమ్నీ అన్నీ పెట్టించాను. అత్తగారు వాళ్ళ చెల్లెలుగారింటికి రాజమండ్రి వెళ్ళినప్పుడు చూసుకుని, పది రోజుల్లో పని ముగించేశాను. ఆవిడ తిరిగొచ్చేసరికి ఆశ్చర్యపోవాలని నా సరదా.

ఆవిడ ఆశ్చర్యపోయారు. "చాలా బాగుందమ్మా" అన్నారు. మర్నాడు పొద్దున్నే చారు పెట్టడానికి వెళ్ళారు. ఆవిడ కళ్ళతో వంట చేసే మనిషి కాదని నాకు తెలిసి వుండాల్సింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ వంటింట్లో చేత్తో తడిమి చేస్తున్నారు. పొయ్యికి కుడివైపు భుజమెత్తున చెక్క బల్ల, దాని మీద మొదట ఉప్పు, తరవాత పసుపు, మూడోది కారం, నాలుగోది ధనియాల పొడి. చూపు తగ్గినా చెయ్యి తప్పేది కాదు. కొత్త వంటింట్లో అన్నీ ఒకే రకం డబ్బాలు, ఒకే రకం సొరుగుల్లో. ఎంత అందంగా వున్నాయంటే ఏది ఏదో తెలియదు. ఆ రోజు చారులో ధనియాల పొడికి బదులు కారం పడింది. మా వారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పొలమారి లేచిపోయారు.

ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడే అన్నారు, "నీ వంటిల్లు నువ్వు చూసుకో అమ్మాయ్, నేనెందుకు పాడుచెయ్యడం" అని. మన వంటిల్లు అనలేదు. నీ వంటిల్లు. ఆ తరవాత ఆవిడ అందులో అడుగుపెట్టలేదు. పెద్దతనం వచ్చింది, విశ్రాంతి తీసుకుంటున్నారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కష్టపెట్టిన వాళ్ళం చెప్పుకునే మాటలు ఎప్పుడూ ఇలా మెత్తగానే వుంటాయి.

మర్నాడు అమ్మాయిని కూచోబెట్టి, "ఆ డ్రైవరాయన కొత్తదాన్ని ఎలా మొదలెట్టాడో అది చెప్పు" అన్నాను. దానికి వింతగానే తోచి వుంటుంది. అయినా చెప్పింది.

ఆయన 2020లో, తానేం మార్చాలనుకుంటున్నాడో, ఎందుకు మార్చాలో, అందులో ఏవి పాతవాళ్ళకి ఇబ్బందో కాగితం మీద పెట్టినట్టు రాసి అందరి ముందూ వుంచాడు. పని తరవాత. మాట ముందు. అంత పని వుత్తినే అయేది కాదు గనక, దీనిమీద ఆధారపడ్డవాళ్ళు కాస్త డబ్బు సాయం చెయ్యండని కూడా మొహమాటం లేకుండా అడిగాడు. కొన్ని కంపెనీలూ, కొందరు విడి మనుషులూ ఇచ్చారు. నాకీ మాట ఎంతో నచ్చింది. రోజూ జరిగిపోయే పనికి ఖరీదుంటుందని ఎవరికీ తోచదు. ఆగిపోయిననాడే తోస్తుంది. అడిగినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. మనలో ఎంతమందిమి అడిగాం?

2021 అక్టోబరులో కొత్తది బయటికొచ్చింది. అప్పుడైనా పాతదాన్ని పీకి అవతల పారెయ్యలేదు. కొత్తదాని పేరులో అంకె లేకుండా వుత్త సైకోపీజీ అని పెట్టారు. పాతది సైకోపీజీ టూగానే వుండిపోయింది. పేర్లు వేరు గనక రెండూ ఒకే ఇంట్లో పక్కపక్కన వుండొచ్చు. ఒక గది కొత్తదానికి మార్చుకుని మిగిలినవి పాతదానితో నడుపుకోవచ్చు. పాతదానికి కొత్త సొగసులు ఇంక రావు గానీ చిల్లుపడితే మాట్లు వెయ్యడం ఈనాటికీ మానలేదు. జాంగో అని పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే పెద్ద సరంజామా ఒకటుందిట. అది కూడా 2023 ఏప్రిల్‌లో కొత్త డ్రైవరుని ఇంట్లోకి రానిచ్చింది గానీ పాతదాన్ని గెంటెయ్యలేదు.

"ఇంకోటుందమ్మా" అంది అమ్మాయి. వాక్యమూ పేర్లూ వేరువేరుగా పంపే పద్ధతి మంచిదే గానీ, కొన్ని రకాల ఆజ్ఞల్లో ఖాళీలుంటే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. పాత పద్ధతి లేక కొందరి పనులు చిక్కుల్లో పడ్డాయి. కొత్తది మంచిది కాబట్టి మీరే సర్దుకోండి అనలేదు. 2022లో 3.1 కూర్పు తెచ్చినప్పుడు, పాత పద్ధతిలోనే ఖాళీ పూరించి పంపే సాధనం ఒకటి కొత్తదానిలోనే చేర్చారు. కావలసినవాళ్ళు వాడుకుంటారు. అక్కర్లేనివాళ్ళకి అడ్డురాదు. అదే కూర్పులో మరో సదుపాయం కూడా తెచ్చారు. ఒక్కొక్క సరుక్కీ ఒక్కోసారి అంగడికి పరిగెత్తకుండా, ఒకదానికి జవాబొచ్చేలోగానే తరవాతది పంపేసే పద్ధతి. దానికి కావలసిన సరంజామా పోస్ట్‌గ్రెస్‌లోనే అంతకు కాస్త ముందొచ్చింది గనక, దాన్ని వెనక వరసలో వుంచారు. అంటే ఏది ముందు, ఏది వెనక, ఏది తిరిగి ఇచ్చెయ్యాలి అన్నది కూడా పథకంలో భాగమే.

నేను పథకం వెయ్యలేదా? వేశాను. కొలతలు వేశాను, రంగులు చూశాను, ఖర్చు కట్టాను. ఆ వంటిల్లు ఎవరి చేతుల్లో వుందో అది మాత్రం లెక్కలో లేదు. ఆయన ఎన్నడూ మొహం చూడని వేలమందిని ముందుగా తలుచుకున్నాడు. నేను పక్కగదిలో వున్న ఒక్క మనిషిని అడగలేదు. పైగా ఆవిడ వూళ్ళో లేనప్పుడు చేశాను. అది సరదాకే చేశాననుకున్నాను. ఆ రాత్రి పడుకుని నిజం ఒప్పుకున్నాను. అడిగితే వద్దంటారేమోనని భయపడి చేశాను.

ఆ మధ్యాహ్నం అత్తగారి పక్కన కూచుని, "అత్తయ్యగారూ, వంటింట్లో మీకేం కావాలో చెప్పండి" అన్నాను. ఆవిడ ఒత్తి చెయ్యడం ఆపలేదు. "ఇప్పుడెందుకులే అమ్మాయ్, అంతా అయిపోయిందిగా" అన్నారు. నాకు తగిన మాటే. నేనూ కదలకుండా కూచున్నాను. అయిదారు ఒత్తులయ్యాక, "ఆ చెక్క బల్ల పారేశావా?" అన్నారు.

పారెయ్యలేదు. అటక మీద వుంది. వడ్రంగి వచ్చి, నున్నటి ఆ కొత్త తలుపుల పక్కన, పొయ్యికి కుడివైపు భుజమెత్తున దాన్ని మళ్ళీ బిగించాడు. చూడ్డానికి ఏమంత అందంగా లేదు. పాత సీసాలూ పాత డబ్బాలూ తీసి ఉప్పు, పసుపు, కారం, ధనియాల పొడి అదే వరసలో పెట్టాను. మా వారు చూసి, "ఇంత ఖర్చుపెట్టి మళ్ళీ ఇదేమిటి?" అన్నారు. "ఇది 3.1" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అమ్మాయి మాత్రం పకపకా నవ్వింది.

ఆవిడ వెంటనే వచ్చేశారని రాస్తే బాగుండును. నవలయితే అలాగే రాసేదాన్ని. వారం రోజులు రాలేదు. ఎనిమిదో రోజు పొద్దున్న ఇంగువ వాసనకి మెలకువ వచ్చింది. వెళ్ళి చూస్తే బల్ల మీద చెయ్యి ఆనించుకుని చారు పెడుతున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ సొరుగుల జోలికి ఆవిడ ఈనాటికీ వెళ్ళరు. నేను ఆ బల్ల జోలికి వెళ్ళను. రెండూ ఒకే వంటింట్లో వున్నాయి.

మా అమ్మాయి నూట ముప్ఫై చోట్లలో తొంభై పూర్తిచేసింది. మిగతా నలభై పాత డ్రైవరుతోనే నడుస్తున్నాయి. తొందరేం లేదంటోంది. నిన్న రాత్రి భోజనాల దగ్గర మా అత్తగారికి హఠాత్తుగా గుర్తొచ్చి అడిగారు.

"అవునే, ఆ డ్రైవరు ఏమయ్యాడు? తీసేశారా?"

"లేదు నాన్నమ్మా. కొత్తవాడొచ్చాడు. పాతవాడూ వున్నాడు. పనంతా అప్పగించాకే పంపిస్తాం" అంది అది.

"మంచి పని చేశారు" అని, ఆవిడ నా కంచంలో ఇంకో గరిటె చారు పోశారు.